బీరువాలో రాణిచీమ

వాన వెలిశాక మేడ మీద బట్టలు తీస్తుంటే దిండుగలీబు మీద కనిపించిందది. మామూలు చీమకి నాలుగింతలుంది. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతోంది. రెక్కలు ఒక పక్క అప్పటికే ఊడిపోయాయి, రెండో పక్కవాటిని వెనక్కాళ్ళతో తోసి తనే రాల్చేసుకుంటోంది. దులపబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. రక్తపరీక్షల సెంటర్లో పని కాబట్టి సంచీలో ఖాళీ గాజుట్యూబు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. దాంట్లోకి మెల్లగా ఎక్కించి కిందికి తెచ్చింది.

వంటింట్లోంచి చెల్లెలు తొంగిచూసింది. "అక్కా, ఇది రాణిచీమే! రెక్కలు రాల్చేసిందంటే ఇక గూడు పెట్టుకుంటుందన్నమాట."

ఎలా పెంచాలో ఫోన్లో వెతికి చెప్పింది కూడా చెల్లెలే. అడుగున కాసిని నీళ్ళు, వాటి మీద దూది, మూతి దగ్గర ఇంకో దూది. చీకట్లో ఉంచితే చాలు. తిండి కూడా పెట్టక్కర్లేదు. ఎగరడానికి పనికొచ్చిన రెక్కల కండనే కరిగించుకుని మొదటి పిల్లల్ని సాకుతుంది.

"కానీ మాటిమాటికీ తీసి చూడకూడదటక్కా. బెదిరితే తన గుడ్లు తనే తినేస్తుందట."

ఆమె కూతురు రెండ్రోజులు సంబరపడి మరిచిపోయింది. భర్త మాత్రం, "మనింట్లో తినే నోళ్ళు చాలలేదా?" అని నవ్వి, "నా చొక్కా గుండీ మీద ఈపాటి శ్రద్ధ పెట్టుంటే బాగుండేది" అని కూడా అన్నాడు. ఆమె ట్యూబుని బీరువాలో తన బట్టల వెనక దాచింది.

ఆ ఇంట్లో తనను ఏమీ అడగనిది అదొక్కటే. పొద్దు పొడవకముందే పరగడుపు పరీక్షలకి వచ్చేవాళ్ళు క్యూ కట్టి ఉంటారు. వాళ్ళ నరాలు వెతికి, సూదులు గుచ్చి, తిట్లు తిని, సాయంత్రానికి ఇల్లు చేరితే భర్త టవలు ఎక్కడుందో చెప్పాలి, కూతురి లెక్కలు చూడాలి, ఫోన్లో అత్తగారి బాగోగులు కనుక్కోవాలి. అన్నీ అయ్యాక బీరువా తలుపు తీసి, బట్టలు పక్కకి జరిపి, ఆ చీమ వైపు చూస్తే ఊపిరి తేలికయ్యేది. ఒకరోజు దాని కాళ్ళ దగ్గర తెల్లగా పంచదార పలుకుల్లాంటి గుడ్లు కనిపించాయి. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నుంచి ఎవరు ఏ మాటన్నా బీరువా దగ్గరికే పరుగు. ఒక్కసారి చూసొస్తే ఏమవుతుందిలే అనుకునేది.

సెంటర్లో అందరూ మెచ్చుకుంటారు. "ఇల్లూ ఉద్యోగం రెండూ ఎంత బాగా నెట్టుకొస్తున్నావమ్మా!" ఆమె నవ్వేసేది. ఇంట్లో పొయ్యి వెలిగించేదీ, కూతురికి జడలేసి కారులో బడికి దింపేదీ, గిన్నెలు తోమేదీ చెల్లెలని ఎప్పుడూ చెప్పలేదు. కాన్పుకి సాయమని వచ్చిన పిల్ల. కూతురు బడికెళ్ళే వయసొచ్చినా వెళ్ళలేదు. వెళ్ళలేదు అనుకోవడమే ఆమెకి సుఖంగా ఉండేది. "మనింటికి డ్రైవరూ వంటమనిషీ ఒకరే" అని భర్త వేళాకోళమాడితే కోపం వచ్చేది గానీ పైకి అనేది కాదు. అత్తగారైతే ఫోన్లో మొహమాటం లేకుండా అనేసింది. "ఉద్యోగం నీదీ, ఊడిగం ఆ పిల్లదీనా?" ఆ మాటకి ఆమె రోజంతా మండిపడింది. అందులో అబద్ధమేమైనా ఉందా అని మాత్రం వెతకలేదు.

పోయిన నెలలో ఆమె సెలవు పెట్టిన ఒక మధ్యాహ్నం, చెల్లెలు కూతుర్ని తేవడానికి వెళ్ళినప్పుడు, డ్రైవింగ్ స్కూలావిడ ఇంటికొచ్చింది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే నేర్పే స్కూలు. "మీ చెల్లెలు బడి ముందు కారు వెనక్కి తిప్పే పద్ధతి చూశానండీ. అంత నిదానం మగ డ్రైవర్లకి కూడా ఉండదు. మా కొత్త స్కూలు పక్క ఊళ్ళో పెడుతున్నాం, ఉండడానికి గది కూడా ఇస్తాం. అక్కడ నేర్పడానికి పంపుతారా?"

ఆమె నోట్లోంచి ఆలోచించే పని లేకుండా జవాబొచ్చేసింది. "దానికి బయట అలవాటు లేదండీ. ఇష్టపడదు కూడా."

ఆవిడ వెళ్ళాక తలుపేసుకుంది. చెల్లెలు రాగానే చెబుదామనుకుంది. ఆ పూట చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే డ్యూటీ కాబట్టి చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుందేమోనని చెప్పలేదు.

ఆదివారం ఉదయం బీరువా తీసి చూస్తే గుడ్లు లేవు. ట్యూబుని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసింది. దూదికీ గాజుకీ మధ్య నక్కి చీమ ఒక్కతే ఉంది. ఆమె మంచం మీద కూలబడింది. చెల్లెలు వచ్చి చూసి పక్కనే కూర్చుంది.

"నేనే. ఊరికే ఊరికే తీసి చూశాను" అంది ఆమె.

"మళ్ళీ పెడుతుందిలే అక్కా."

"వదిలేస్తే బతుకుతుందా?"

"చాలామటుకు బతకవట. పిట్టలు, బల్లులు, వేరే చీమలు..."

"ఇక్కడే ఉంచితే?"

"నువ్వు చూడకుండా ఉండగలిగితే బతకొచ్చు." చెల్లెలు నవ్వింది. "నీ వల్ల కాదుగా."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. గోడవార, తడిమట్టి మీద పాత ఇటుకలున్న చోట కూర్చున్నారు. ఆమె ట్యూబుని వాల్చి దూది తీసింది. చీమ బయటికి రాలేదు. మూతి దాకా వచ్చి మీసాలాడించి, వెనక్కి వెళ్ళిపోయింది. అది ఉండిపోతే బాగుండునని ఆమె మనసంతా కోరుతోంది. అలా కోరుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చాలాసేపటికి అది బయటికొచ్చి, ఇటుక కిందికి దూరింది. ఆమె వంగి చూడబోయి ఆగిపోయింది.

లేవకుండానే అంది. "డ్రైవింగ్ స్కూలావిడ వచ్చింది. పోయిన నెల. నీకిష్టం లేదని చెప్పి పంపేశాను."

చెల్లెలు ఇటుక వైపే చూస్తూ అంది. "తెలుసక్కా. నీకిష్టం లేదటగా అని ఆవిడ బడి దగ్గర నన్నే అడిగింది."

"మరి నన్ను నిలదీయలేదే?"

"నువ్వే చెప్తావేమోనని చూశాను. ఈలోగా వేరే అమ్మాయిని తీసుకున్నారు."

ఆమె తల ఎత్తలేకపోయింది. క్షమించమనడానికి నోరు రాలేదు. క్షమించేస్తుందని తెలుసు, అదే భయం. చివరికి, "పొద్దుటి డ్యూటీ మార్చమని రేపే అడుగుతాను. వంట మీ బావా నేనూ చూసుకుంటాం. నువ్వు వేరే స్కూళ్ళు చూసుకో. నేను పంపిస్తాను" అంది.

చెల్లెలు చేతులకంటిన మట్టి దులుపుకుని లేచింది.

"నువ్వు పంపించక్కర్లేదు అక్కా. ఇకనుంచి ఎక్కడికెళ్ళినా నీకు చెప్పి వెళ్తాను. అడిగి వెళ్ళను."