ప్యాకింగ్ గదిలో పదకొండు గూళ్లు

1999 ఏప్రిల్ 12, సోమవారం. ఉదయం తొమ్మిదిన్నరకు నర్సీపట్నం శివారులోని రమణబాబు జీడి బట్టీలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు పద్నాలుగు మంది చేతులకు బొబ్బలెక్కి పని ఆపేశారు.

వారిలో అచ్చియమ్మ ఒకరు. గొలుగొండ నుంచి ఆటోలో వస్తుంది. పదహారేళ్లుగా పిక్కలు కొడుతోంది. ఇప్పుడు బొబ్బలతో ఆమె కుడిచేతి వేళ్లు మూడు ముడుచుకోవడం లేదు. వేళ్లు ముడవకపోతే సుత్తి పట్టలేదు. సుత్తి పట్టలేనివాళ్లను రెండు వారాలు దాటి రమణబాబు ఉంచడు.

రమణబాబు వచ్చి చేతులు చూశాడు. తర్వాత పైకప్పు చూశాడు. రేకుల కింద సాలెగూళ్లున్నాయి.

“సాలీడు ఉచ్చ పోసింది. ఇంకేటి?” అన్నాడు.

“పెంకు జీడి బాబూ ఇది. తమరు ఆముదం ఆపీసి మూడు వారాలయ్యింది,” అంది అచ్చియమ్మ.

“పదారేళ్లయినా నీ సేతులు ముదరనేదా? ఆముదమేటి, పసిపిల్లకి రాసినట్టు!”

పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకని కొట్టేముందు చేతులకు ఆముదం, బూడిద రాసుకుంటారు. ఆముదం డబ్బా గుమ్మం దగ్గర ఉండేది. మార్చి 22 నుంచి లేదు.

సాలీడు మాట ఎక్కువమంది నమ్మారు. చిన్నప్పటి నుంచి విన్న మాటే. మంగళవారం కర్రలకు చీపుళ్లు కట్టి గూళ్లన్నీ దులిపారు. బుధవారం ఇంకో ముగ్గురికి బొబ్బలొచ్చాయి. దులిపినప్పుడు సాలీళ్లు మీద పడ్డాయని రమణబాబు చెప్పాడు.

పక్కది ప్యాకింగ్ గది. అక్కడ పప్పు ఏరేది ఎస్తర్ రాణి. ఆ గదిలో పదకొండు గూళ్లున్నాయి. ఆమె దులపనివ్వలేదు. పప్పుకి పట్టే రెక్కల పురుగులు కిటికీ వెలుగుకి వచ్చి గూళ్లలో తగులుకుంటాయి. సాలీడు దారాల మీద కాళ్లు ఆనించి కూర్చుంటుంది. దారం అదిరితే వెళ్తుంది. పురుగును దారంతో చుట్టి, కరిచి, ఆగి, పీలుస్తుంది. అన్నం తింటూ ఎస్తర్ రాణి ఇది రోజూ చూసేది.

గురువారం ఆమె అచ్చియమ్మకు తన రెండు చేతులు చూపించింది.

“సూడు వదినా. పదకొండు గూళ్ల కింద కూకుంటన్నాను. ఒక్క బొబ్బ సూపించు.”

“నీకు మీ ఏసుప్రభువు కాపలా గదా.”

“ఆయనకి జీడి బట్టీలో డ్యూటీ ఏసీసావేటి? నాను పెంకు ముట్టను. అదీ సంగతి.”

అచ్చియమ్మ ఈ మాట అందరి ముందూ రమణబాబుకు చెప్పింది. ఆయన ప్యాకింగ్ గదికి వచ్చి గూళ్లు లెక్కపెట్టాడు. పదకొండూ దులిపించాడు. మర్నాటికి రెక్కల పురుగులు పప్పు గంపల మీద వాలాయి.

శుక్రవారం సాయంత్రం అచ్చియమ్మ మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లింది.

“తమరు సెప్పిందే నిజం బాబూ. సాలీడే.”

“ఇప్పుడు తెలిసిందా?”

“తెలిసింది. ఆముదం వాసనకి సాలీడు మనిషి దరికి రాదంట బాబూ. మా అత్త సెప్పీది.”

“ఈ మాట ముందే సెప్పొచ్చు కదా! బేగి తెప్పిస్తాను.”

శనివారం ఉదయం ఎనిమిదికి గుమ్మం దగ్గర ఆముదం డబ్బా ఉంది. దాని మీద రమణబాబు స్వయంగా రాసి అంటించిన కాగితం: “సాలీళ్ల నివారణ మందు. పని మొదలుపెట్టే ముందు అందరూ తప్పక రాసుకోవాలి.” అచ్చియమ్మ మొదట రాసుకుంది.

ఏప్రిల్ 23, శుక్రవారం ఆమె సుత్తి పట్టింది. ఆ రోజుకి ప్యాకింగ్ గదిలో గూళ్లు నాలుగు.