పాలిష్ మేస్త్రి అసలు పొడుగు

పాతికేళ్లుగా ఊపిరితిత్తుల పరీక్షలు చేస్తున్న టెక్నీషియన్‌కి, గొట్టంలోకి దొంగ ఊపిరి ఊదేవాళ్లెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఫర్నిచర్ షాపు పాలిష్ మేస్త్రి ఆ బాపతు కాదు. మూడుసార్లూ మొహం కందగడ్డ అయ్యేదాకా ఊదాడు పాపం. అయినా కంప్యూటర్ ఎనభై ఏడు శాతం చూపించింది. ఆ వయసుకి, ఆ పొడుగుకి అది మామూలే.

మేస్త్రి ఉసూరుమన్నాడు. స్ప్రే కొట్టే గదిలోంచి వేరే పనికి మార్చమంటే, రిపోర్టు తెస్తేనే చూద్దామన్నాడు ఓనరు. తీరా రిపోర్టేమో ఇలా వచ్చింది.

“విన్నారుగా, ఏమీ లేదట! పదండి పనికి,” అంది భార్య. “షాపులో అందరూ అననే అన్నారు, దొంగ ఆయాసమని.”

“నాలుగు మెట్లెక్కితే ఊపిరాడట్లేదే, ఏం చెయ్యను?”

“అలా వంగిపోతే ఎలా ఆడుతుంది? పెళ్లప్పుడు ఈయన భుజానికొచ్చేదాన్ని మేడమ్. ఇప్పుడు చూడండి, ఇద్దరం సమానం!”

కీబోర్డు మీద టెక్నీషియన్ చెయ్యి ఆగిపోయింది. వెన్ను వంగిన మనిషిని గోడకి నిలబెట్టి, వచ్చిన నూట యాభై ఆరు సెంటీమీటర్లే కంప్యూటర్లో ఎక్కించింది తను. ఎవరికెంత ఊపిరి ఉండాలో యంత్రం లెక్కగట్టేది పొడుగుని బట్టే. పొట్టివాడికైతే ఆ గాలి చాలు, కానీ ఈయన పొట్టివాడు కాడు! గూనివాళ్లని బార చాపించి కొలవాలని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేదీ తనే. చెప్పేటందుకే నీతులు. ఆవిడకి తన మీద తనకే ఒళ్లు మండింది.

“చేతులు బార చాపండి మేస్త్రిగారూ.”

వేలి కొస నుంచి వేలి కొసకి టేపు పట్టింది. నూట డెబ్భై ఆరు. బార ఎంతో, వెన్ను వంగకముందు పొడుగూ ఇంచుమించు అంతే.

కొత్త లెక్కలో ఎనభై ఏడు కాస్తా అరవై ఆరైంది. పాత రిపోర్టు అప్పటికే డాక్టరు బల్ల మీద ఉంది. ఆవిడ రెండోది పట్టుకెళ్లి, “పొరపాటు నాదే సార్,” అంది.

“నువ్వే ఇలా చేస్తే ఎలాగమ్మా?” అన్నాడాయన. ఆయన పాత కాగితం చింపేసి, ఛాతీ స్కానింగ్ రాశాడు. ఇక స్ప్రే గదిలోకి వెళ్లకూడదని కింద గీత గీసి మరీ రాశాడు.

“అయితే నాకు నిజంగానే జబ్బుందా మేడమ్?” కాగితం అందుకుంటూ అడిగాడు మేస్త్రి. ఆయన మొహం వెలిగిపోతోంది.

ఆ వెలుగు చూస్తూ టెక్నీషియన్ ఊరికే తలూపింది.

భార్య మాత్రం ఆయన వైపు చూడలేకపోయింది. ఆయన చేతిలో సంచి తీసుకుని, “మెట్ల దగ్గర ఆగండి. నెమ్మదిగా దిగుదాం,” అంది.