కట్టేసిన బూట్లు

మారిత్ కాఫీ ఏనాడూ వేడిగా తాగి ఎరగదు. ఇంటి డ్యూటీ పడిన వారమంతా ఆమె నడిపే అంబులెన్సు వాకిట్లోనే ఉంటుంది. ఫోను మోగిన నాలుగు నిమిషాల్లో అది రోడ్డెక్కాలి. అయితే ఆమె కనిపెట్టుకుని ఉండేది ఫోనుని కాదు, బూట్లని. గుమ్మం పక్క బెంచీ కింద పడుండే ఆ నల్ల బూట్లు, ఫోను మోగడానికి కాస్త ముందే లేచి, టకటకమని తలుపు దాకా నడిచి, కబురు రాబోయే ఇంటి వైపు ముక్కులు తిప్పుకుని నిలబడేవి.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి అదేం వింత కాదు. ఆ చప్పుడు వినగానే పక్కింటి బోర్గిల్ మామ్మ పొయ్యి ఆపేసి, పిల్లల్ని చూసుకోవడానికి బయల్దేరేది. అంబులెన్సులో మారిత్‌కి జోడీగా వెళ్లే ఏగిల్ అయితే రోజూ పొద్దున్నే ఫోను చేసేవాడు.

"ఏమంటున్నాయి నీ బూట్లు? బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టమంటావా, వద్దంటావా?"

"పెట్టుకో. తింటావో లేదో మాత్రం నన్నడక్కు."

నవ్వేది గానీ ఆమెకి ఎక్కడా స్థిమితం ఉండేది కాదు. భర్త నడిసముద్రంలో చమురు బావి మీద పనికెళితే రెండు వారాలకి గానీ రాడు. ఐదేళ్ల ఈవర్, పది నెలల సున్నివా, ఇల్లు అన్నీ ఆమె నెత్తినే. పిల్లకి జావ పెడుతున్నా, బట్టలు మడుస్తున్నా ఒక కన్ను బెంచీ కిందే. ఈవర్‌కి చదివి వినిపించే కథలో ఎలుగుబంటి ఏరు దాటబోతూ ఒక కాలు నీళ్లలో పెట్టి రెండు నెలలైంది. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంది.

లూసియా పండుగ రోజు పొద్దున్నే ఈవర్ వెళ్లే పసిబడి పిల్లలు తెల్లంగీలు వేసుకుని, దీపాలు పట్టుకుని పాడుతూ ఊరేగుతారు. పోయినేడు తల్లి రాలేదని ఈవర్ పాట పొడుగునా తలుపు వైపే చూశాడట. ఈసారి ముందు నడిచేది వాడే.

"వస్తావా అమ్మా?" అనడిగాడు ముందురోజు.

"రాకుండా ఎలా ఉంటాన్రా?"

"మరి బూట్లు లేస్తే?"

మారిత్ వాడి జుట్టు సవరించింది.

పండుగ పొద్దున సున్నివాకి ఉన్ని బట్టలు తొడిగి, పిల్లల తోపుడుబండిలో పడుకోబెట్టి, ఎప్పటిలాగే పెరట్లో వంటింటి గోడవార ఈదురు తగలని చోట పెట్టింది. ఆ ఊళ్లో చలికాలమైనా పసిపిల్లలు పగలు నిద్రపోయేది ఆరుబయటే. చల్లగాలిలో పడుకుంటే ఆ పిల్ల రెండు గంటలు కదలదు. లోపలికొచ్చి కాఫీ పోసుకుంది. బూట్లు కదల్లేదు. సగం కప్పు వేడివేడిగా తాగింది. అదేమిటో, ఆ వేడికి ఆమెకి భయమేసింది.

అప్పుడు కిర్రుమని చప్పుడైంది. బెంచీయే నేల మీద జరుగుతోంది.

తెల్లంగీ వేసుకున్న ఈవర్ మొహం ఆ అంగీకన్నా తెల్లగా పాలిపోయింది. "నేనే కట్టేశానమ్మా" అన్నాడు.

బూట్ల తాళ్లు బెంచీ కాలికి బిగించి ఉన్నాయి. పడవని కట్టే ముడి, బోర్గిల్ మామ్మ నేర్పింది.

"ఎంత పని చేశావురా! అక్కడ ఎవరి ప్రాణం మీదికొచ్చిందో!" అంటూ మారిత్ మోకాళ్ల మీద కూలబడి ముడి లాగింది. అది రాలేదు. కత్తెర అందుకుంది. తాళ్లు ఎటు బిగుసుకున్నాయో అప్పుడు చూసింది.

తలుపు వైపు కాదు. బూట్లు వంటింటి గోడ వైపు గుంజుతున్నాయి.

మూడేళ్లలో అవి ఊళ్లో అందరి ఇళ్ల వైపూ తిరిగాయి గానీ ఇంట్లోకి తిరగడం ఇదే మొదలు. ఆ గోడ అవతలేముందో ఆమెకి తెలుసు. చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు ఇప్పుడు చెవిన పడింది. రాత్రంతా వెచ్చటి గాలి వీచింది. ఇంటి కప్పు మీద వారం రోజుల మంచు. మంచు కరిగే రోజున పిల్లల బండి చూరు కింద పెట్టొద్దని తల్లులందరికీ చెప్పేది తనే.

కత్తెర వదిలేసి మేజోళ్లతోనే పెరట్లోకి పరిగెత్తింది. బండి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కప్పు గుర్రుమంది. బండి ఉన్న చోట నడుములోతు మంచు వచ్చి పడింది. సున్నివా లేవలేదు. నోట్లో పాలపీకని రెండుసార్లు చప్పరించి ఊరుకుంది.

మారిత్ మంచులో చతికిలపడి బావురుమంది. బోర్గిల్ మామ్మ రొప్పుతూ వచ్చింది.

"బూట్ల చప్పుడు లేదు, ఈ ఏడుపేమిటే తల్లీ?"

బూట్లు కట్టెయ్యకుండా ఉంటే ఏమయ్యేదో మారిత్ కళ్ల ముందు కనబడుతోంది. చప్పుడు వినగానే, ఎటు తిరిగాయో చూడకుండా కాళ్లు దూర్చేసి, వాకిట్లోకి పరిగెత్తి, అంబులెన్సు ఇంజను వేసుకుని, మోగని ఫోను కోసం కూర్చుని ఉండేది. చప్పుడు వినగానే పరిగెత్తడం, మూడేళ్లుగా చేస్తున్నది అదేగా.

"విప్పెయ్యనా అమ్మా?" అన్నాడు ఈవర్ గుమ్మంలోంచి.

"విప్పు నాన్నా."

వాడు పళ్లతో ముడి విప్పాడు. బూట్లు మెట్లు దిగి వచ్చి, తడిసిన ఆమె కాళ్ల ముందు ఆగాయి. ఫోను మోగలేదు.

పసిబడిలో పిల్లల చేతి దీపాలు తప్ప అన్నీ ఆర్పేశారు. ఫోను గుప్పిట్లో పట్టుకుని, సున్నివాని చంకనేసుకుని మారిత్ తలుపు దగ్గరే నిలబడింది. అందరికన్నా ముందున్న ఈవర్ తల్లి మొహం కాదు, మొదట ఆమె తొడుక్కున్న బూట్లు చూశాడు. వాటి ముక్కులు వాడి వైపే తిరిగి ఉన్నాయి.

అప్పుడు పాట ఎత్తుకున్నాడు.