పదకొండు చర్చిల సాక్ష్యం

ఆదివారం పొద్దున నేను మంచం మీద దుప్పటి పరిచి మా ఆయన ఫిలిప్ తెల్ల చొక్కాను ఇస్త్రీ చేస్తుంటే, ఆయన ఒక కాగితం తెచ్చి పక్కన పెట్టాడు. నేను చర్చిలో చెప్పాల్సిన సాక్ష్యం. నా సాక్ష్యం మా ఆయనే రాసిపెట్టాడు, ఎంత శ్రద్ధో! "తప్పులు పోకుండ సదువు. పదకొండు చర్చిల పేర్లున్నయ్," అన్నాడు.

మా మందమర్రి సంఘంలో ఎవరు దూరం వెళ్లి క్షేమంగా తిరిగొచ్చినా, ఆ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుని ఎదుట చెప్పే మాట, అందులో అబద్ధం ఉండకూడదని చిన్నప్పటి నుంచీ నాకు భయం.

ఇంగ్లండు పల్లెల్లోని పాత చర్చిలు చూసి రమ్మని అక్కడి సంఘం పిలిచింది మా స్త్రీల సమాజాన్ని. ఆడవాళ్లంతా కలిసి నా పేరు పంపారు. మా అమ్మమ్మకు అక్షరాలు దిద్దించిన మిషను టీచరమ్మ ఆ పల్లెల్లో ఒకదానిలోనే పుట్టింది, అక్కడి చర్చి పక్కనే ఆమె సమాధి. దాని మీద ఒక్కసారి చెయ్యి పెట్టి రావాలని నా ఆశ. అమ్మమ్మ పోయే ముందు అడిగింది కూడా అదే. "ఒక్క ఆడమనిషిని గంత దూరం ఎట్ల పంపుతం," అని సంఘం పెద్దలు మా ఆయననూ, ఇంకో ముగ్గురు మగవాళ్లనూ నాకు తోడిచ్చారు.

రెండో రోజుకే తోడొచ్చినవాళ్లకు బ్రెడ్డు మొహం మొత్తింది. బస ఇచ్చిన ఇంట్లో స్టవ్వు ఉంది. నా పెట్టెలో చీరలు తీయించి మరీ ఫిలిప్ బియ్యం, చింతపండు ఎందుకు సర్దించాడో అప్పుడు తెలిసింది. "రోజా చేతి పప్పుచారు లేకుంటే మాకు ప్రార్థన గూడ ఒంటబట్టది," అని అందరి ముందూ నవ్వాడు. పొగిడాడనుకుని నేనూ నవ్వాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. రోజూ పులిహోర డబ్బాలతో వ్యాను వెళ్లిపోయేది. సాయంత్రం వాళ్లు వేళ్లు నాకుతూ, ఎనిమిది వందల ఏళ్ల గోడల గురించీ రంగుటద్దాల గురించీ చెప్పేవారు. నేను వడ్డించేదాన్ని.

టీచరమ్మ ఊరికి వెళ్లే రోజు తలస్నానం చేసి, ఉన్న నాలుగు చీరల్లో మంచిది కట్టుకున్నాను. ఆ సాయంత్రం అక్కడి సంఘంలో ఇరవై మందికి బిర్యానీ పెడతామని మా ఆయన మాటిచ్చేశాడట. "సమాధి అంటే రాయే గదనే. ఫొటో తెస్త తీయ్," అన్నాడు. కోడి కడుగుతూ ఏడ్చాను. ఫొటో తెచ్చాడు. రాయి కనబడకుండా దాని ముందు తనే నిలబడ్డాడు.

పాస్టరుగారు పేరు పిలవగానే ఆడవాళ్ల చాపల మధ్య నుంచి లేచాను. 'ఆ దైవమందిరములను నా కన్నులారా చూచితిని' అని ఉంది మొదటి వాక్యం. కాగితం మడిచాను.

"పదకొండు చర్చిలల్ల నేను ఒక్కటి గూడ సూడలే. పన్నెండు దినాలు వంటింట్లనే ఉన్న," అన్నాను.

మగవాళ్ల వైపు ఎవరో దగ్గారు. ఫిలిప్ తలెత్తలేదు. ఇంటికి వెళ్లాక ఏమవుతుందో నాకు తెలుసు. అయినా కూర్చోలేదు.

"వచ్చే ఏడు మా సమ్మక్క బిడ్డ బ్లెస్సీని పంపుతమంటున్నరు. పంపుండ్రి. తోడు మాత్రం ఎవల్నీ పంపకుండ్రి."