మోకు పట్టిన చేతులు

బాలప్ప బండ మీది నుంచి పడడం నేను కళ్లారా చూశాను. చూసి కూడా ఏమీ చేయలేకపోయాను. ముందు అది ఒప్పుకునే ఈ సంగతి మీకు చెబుతున్నాను.

పందొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం, నైజాం రాజ్యం, ఎండాకాలం. నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో మా ఊరవతల నిట్టనిలువు బండ ఉంది. ఏటా దానికి పెద్ద తేనెపెరలు పడతాయి. బాలప్ప వాటిని కోసి ఉత్తపుణ్యానికి దొర ఉండే గడిలో పోయాలి. అది అతని వంతు వెట్టి.

తేనె కోసేవాళ్లకొక కట్టుబాటు ఉంది. బండ మీది నుంచి దిగేవాడి నడుముకు కట్టిన మోకును బామ్మర్దే పట్టాలి. తోడబుట్టినదాని బతుకు తన చేతుల్లో ఉంటుంది కనుక ఏమైనా వదలడు. బాలప్ప మోకు పట్టేది అతని భార్య కాశమ్మ తమ్ముడు మొగులప్ప. అదీ పొద్దు వాలి, తేనెటీగలు సద్దుమణిగాకే.

ఆ రోజు దొర చుట్టాలకు మిట్టమధ్యాహ్నమే తమాషా చూడాలనిపించింది. మొగులప్ప దొర మూటలు మోస్తూ నారాయణఖేడ్ పోయి ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగమని బాలప్ప కాళ్లు పట్టుకున్నా దొర తరఫున పెత్తనం చేసే జగన్నాథ్ వినలేదు. మోకును చుట్టాల వెంట వచ్చిన ఇద్దరు పోలీసు జవాన్ల చేతికిచ్చాడు. ఈగలు లేవగానే జవాన్లు మోకు వదిలేసి పరుగెత్తారు.

బాలప్ప దినాలు కాకముందే మళ్లీ హుకుం వచ్చింది. బేస్తవారం ఇంకెవరో చుట్టాలొస్తున్నారు, ఈసారి మొగులప్ప మధ్యాహ్నం దిగాలి, ఈగ పిల్లలున్న పెరతో సహా మొత్తం కోసి తేవాలి.

ఆ సాయంత్రం కాశమ్మ వాకిట్లో వెట్టి చేసే ఇండ్లన్నీ కూడాయి. ఏడ్చే ఓపిక కూడా ఎవరికీ లేదు. నేను బడి పంతులు పని మానుకుని, వెట్టి వద్దనే సంగంలో తిరుగుతున్న రోజులవి. నోరు ఊరుకోక ఉపన్యాసం ఎత్తుకున్నాను. తేనెటీగలు రాజు మాట మీద నడుస్తాయని, మీరూ ఒక పెద్దను ఎన్నుకుని అతని వెనక నడవాలని చెప్పాను.

మొగులప్ప నీరసంగా నవ్వాడు.

"పంతులూ, నువ్వు పెరను ఎన్నడన్న దగ్గర చూసినవా? అండ్ల రాజు లేడు. తల్లి ఈగ ఉంటది. గుడ్లు పెడ్తది, గంతే. తేనె తెచ్చేది, పెర కట్టేది, పిల్లలకు పెట్టేది, కావలి గాసేది అన్ని కూలి ఈగలే."

మరి ఎవరి హుకుం మీద చేస్తాయని అడిగాను.

"ఎవ్వలు జెప్పరు. పోతుటీగలుంటయి సూడు, పని జెయ్యయి, కుట్టయి, కూసొని తింటయి. పూలున్నన్ని దినాలు నడుస్తది. పూలు రాలినంక కూలి ఈగలన్ని గూడి రెక్కలు పట్టి అవుతలికి గుంజేస్తయి. ఒక్క ఈగతోని కాదది."

నేను సిగ్గుపడి కూర్చున్నాను. గడికి నలభై ఏళ్లుగా నీళ్లు మోస్తున్న రామవ్వ నడుము పట్టుకుని లేచింది.

"నాకు గుంజేటి బలం లేదు బిడ్డా. రేపటి సంది నీళ్లు మాత్రం పొయ్య," అంది.

కట్టెలు కొట్టే యాదయ్య తన మీద పడే దెబ్బలు ఎవరు పంచుకుంటారని గొణిగాడు. చాలాసేపు వాదన నడిచింది. చివరికి అతనూ గొడ్డలి ఇంట్లోనే పెడతానన్నాడు.

మర్నాటి నుంచి గడికి నీళ్లు లేవు, కట్టెలు లేవు, ఊడ్చే చేయి లేదు. మూడో రోజు జగన్నాథ్ స్వయంగా కావడి ఎత్తి సగం నీళ్లు దారిలోనే ఒలకబోశాడు. చుట్టాలు బేస్తవారం రాకుండానే ఆగిపోయారు. బండ మీద పెరలు అలాగే ఉన్నాయి.

వాళ్ల బదులు నారాయణఖేడ్ ఠాణా నుంచి పోలీసు ఆమీన్ వచ్చాడు. మీ నాయకుడెవడని గద్దించాడు. ఎవరూ లేరంటే నమ్మలేదు. గుంపన్నాక ఒక పెద్ద ఉండాల్సిందేనని, నా మాదిరే, అతనూ అనుకున్నాడు; ఆ ఒక్కణ్ణి పట్టుకుపోతే మిగిలినవాళ్లు చెదిరిపోతారని లెక్కేశాడు. జగన్నాథ్ మొగులప్పను చూపించాడు. అతని ఇంటి గోడకు వేలాడుతున్న, తేనె కోసే మోకుతోనే జవాన్లు అతని చేతులు కట్టారు.

బండంత పొడుగు మోకు అది. కట్టగా మిగిలినది దుమ్ములో ఈడ్చుకుంటూ పోతోంది. కాశమ్మ వంగి దాని కొస అందుకుంది. వదలమని ఆమీన్ కసిరాడు.

"నా పెనిమిటి మోకు మీవోల్లే ఇడిసిండ్రు. గిది నా తమ్మునిది. నేను ఇడువ," అంది కాశమ్మ.

ఆమె వెనక రామవ్వ పట్టింది. యాదయ్య పట్టాడు. పడుతూనే ఉన్నారు. చివర కాస్త చోటుంటే నేనూ పట్టాను. ఎండలో అలా నారాయణఖేడ్ దాకా నడిచాం. అందరం అలిసిపోయి ఉన్నాం, ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఠాణా ముందు లాఠీలు మా వేళ్ల మీద పడ్డాయి.

మోకు మాత్రం ఎవరూ వదల్లేదు.