ఆరు ప్రశ్నార్థకాల కుడి కన్ను

కల్మల ఊళ్లో జరిగిన కంటి శిబిరంలో కార్యకర్త నేత్ర ముగ్గురి కళ్ల ఫోటోలు తీసి, ఫైళ్లకు వాళ్ల పేర్లే తెలుగులో పెట్టింది: అమరప్ప, తాయప్ప, యంకవ్వ. రాయచూరు ఆఫీసుకొచ్చి మూడింటినీ ఒకేసారి బెంగళూరు ఆసుపత్రికి పంపింది. ఆ పంపే దారి మహా భద్రమైనదని, మధ్యలో ఎవడూ ఒక్క అక్షరం చదవలేడని ఆసుపత్రి వాళ్ల గొప్ప.

మూడో రోజున రిపోర్టు వచ్చింది. ఒక్కటే. పేరుండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు. కింద, కుడి కంటిలో ముదిరిన శుక్లం, ఆపరేషన్ చేయాలని ఉంది.

నేత్ర ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే వాదిరాజ్‌కు ఫోన్ చేసింది. ఆయనదీ రాయచూరే.

"మా సర్వర్‌కు ఇంగ్లీషు తప్ప రాదమ్మా. తెల్వని అక్షరం వస్తే ప్రశ్నార్థకం పెడ్తది. ఒత్తుకు రెండు, దీర్ఘానికి ఒకటి, సున్నకు ఒకటి లెక్కన మీ మూడు పేర్లకు ఆరారే వచ్చినయ్. పేరు ఒక్కటే అయ్యేసరికి ఒకదాని మీద ఒకటి పడి, ఆఖరుది మిగిలింది."

"ఆఖరుది ఎవర్ది సార్?"

"అది తెల్వదు. భద్రతకైతే ఏం లోటు లేదు. దారిల ఎవ్వరు చదవలే."

"చేరినంక మీరు గూడ చదవలే గద సార్."

అన్ని భాషలూ చదివించే సెట్టింగ్ ఒకటి ఉందని ఆయన నెమ్మదిగా ఒప్పుకున్నాడు. అది నొక్కడానికి కమిటీ అనుమతి కావాలట. కమిటీ వచ్చే నెల కూర్చుంటుందట.

శిబిరం నడిపే జయతీర్థకు అంత ఓపిక లేదు. "ముగ్గుర్ని బండి ఎక్కియ్యి. ఆపరేషన్ బల్ల మీద డాక్టర్లే తేల్చుకుంటరు."

"ఎక్కియ్యను సార్. ఎవరి కన్ను అని కోస్తరు?"

నేత్ర ఫైళ్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెట్టి, అర్జెంటని చెప్పి మళ్లీ పంపింది. సాయంత్రానికి మూడు రిపోర్టులొచ్చాయి. శుక్లం యంకవ్వది. తాయప్ప కళ్లు భేషుగ్గా ఉన్నాయి. అమరప్పకు షుగర్ వల్ల కంటి వెనక రక్తం కారుతోంది, వారంలో వైద్యం చేయకపోతే చూపు పోతుంది. మూడు రోజులుగా ఆ మనిషి ఆసుపత్రి లెక్కలో లేనే లేడు.

మర్నాడు పొద్దున్నే తనే కల్మల వెళ్లి ఇద్దరినీ బండి ఎక్కించింది. అమరప్ప చూపు నిలిచింది. వాదిరాజ్ దగ్గర్నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది: ఇకమీదట రోగుల పేర్లు ఇంగ్లీషులోనే ఉండాలి.

ఆ పొద్దున తాయప్ప మాత్రం బండి కదిలేదాకా పక్కనే నిలబడ్డాడు.

"నాకేం లేదా అమ్మా?"

"ఏం లేదు పెద్దాయనా, మంచిగున్నవ్."

"పని ఇడిసి వచ్చిన. ఉత్తగనే పొమ్మంటవా? కండ్లద్దాలన్న ఇయ్యి."