లైన్లో ప్రసాదం

రాజాం బజారులో బెల్లం గోవిందరావు బేరం చేసే పద్ధతి అందరికీ తెలుసు. తెలిసి కూడా పడిపోతారు. గిరాకీ కొట్టు మెట్లెక్కి బెల్లం ఎలా ఇస్తున్నారని అడిగితే ఆయన చచ్చినా ధర చెప్పడు. దిమ్మలోంచి చిన్న ముక్క గిల్లి, అవతలి మనిషి అరచేతిలో పెట్టి, "ముందు నోట్లో ఎయ్యి. బేరం తర్వాత" అంటాడు. ఆ బెల్లం జిగురు పళ్లకి అంటుకుని మనిషి దవడలు పెకలించుకునే సమయం చూసి ధర చెప్పేస్తాడు. నోట్లో బెల్లం ఉన్నవాడు తల ఆడించగలడు గానీ తగువు పెట్టుకోలేడు కదా. ఇందులో మోసం లేదు, బెల్లం మంచిదే. కాకపోతే నోరు ఖాళీ అయ్యేసరికి సరుకు సంచిలో ఉంటుంది.

ఇంత గడుసు మనిషికీ ఒక కోరిక తీరలేదు. వర్తక సంఘంలో ఏ సభ జరిగినా శాలువాలు తెచ్చేది ఆయన, దండలు చెప్పేది ఆయన, మైకు వాడితో కీచులాడేది ఆయన. తీరా సభ మొదలై, వేదికను అలంకరించవలసిందిగా ఫలానా వారిని కోరుతున్నాం అని పేర్లు చదివేటప్పుడు మాత్రం ఆ పేర్లలో గోవిందరావు ఉండడు. ప్రతిసారీ చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, కుర్చీ అంచుకి జరిగి కూర్చుంటాడు. ప్రతిసారీ మళ్లీ వెనక్కి జరుగుతాడు.

అందుకే కూతురు సింధు విశాఖపట్నంలో కంప్యూటర్ల ఎగ్జిబిషన్లో ప్రెస్‌మీట్ పెడుతుందని తెలిసినప్పుడు ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు. సింధుది ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీ. కంపెనీ అంటే కొట్టు మీద మేడగది, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, సింధుతో చదువుకున్న కళ్యాణ్ అనే కుర్రాడు. ఆ కళ్యాణ్ సగం రోజు కొట్టు మెట్ల మీద ఫోను పట్టుకుని కూర్చుంటాడు. వాడికి పనీ పాటా లేదని గోవిందరావు నిశ్చితాభిప్రాయం. వాళ్లు చేసిన మొదటి రెండు ఆటలనీ చుట్టాలు తప్ప ఎవరూ ముట్టుకోలేదు. మూడోది తయారైంది. అదేం ఆటో గోవిందరావు ఎప్పుడూ అడగలేదు. పెద్ద చదువు చదివిన పిల్ల ఆటలు చేస్తోందని చెప్పుకోవడం ఆయనకి నామోషీ. ఎవరైనా అడిగితే "ఏవో కంప్యూటర్ల పన్లు" అని మాట తప్పించేవాడు.

అయితే ఈమధ్య ఆయన చెవిన ఒక మాట పడింది. ఈ ఆట కూడా జనానికి పట్టకపోతే మేడగదికి తాళం వేసి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతానని సింధు వాళ్లమ్మ కన్యాకుమారితో అంది. అప్పటినుంచి ఆయనకి అన్నం సహించడం లేదు. ఉండిపోవే అమ్మా అని అడగొచ్చు. కానీ ముందు నోరు తెరిచినవాడు బేరంలో ఓడిపోతాడని ఆయన నమ్మకం, కూతురితోనైనా సరే. కాబట్టి అడగలేదు. ప్రెస్‌మీట్ ఘనంగా జరిగితే పేపర్లో పడుతుంది, పేపర్లో పడితే ఆట ఆడతారు, ఆడితే పిల్ల ఉంటుంది అని లెక్క వేసుకున్నాడు. కొత్త చొక్కా కుట్టించాడు. అద్దం ముందు నిలబడి "వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ ఉపన్యాసం కూడా వల్లె వేశాడు.

ఆ లెక్క మీద సింధు నీళ్లు చల్లింది.

"నాన్నా, ఇసాపట్నం ప్రెస్‌మీట్ మానేసినాం."

"మానీడమేటి? ఊరంతా సెప్పీసినాను!"

"ఆ ఎగ్జిబిషన్లో మాకు భోజనాల తర్వాత టైమిచ్చారు. అప్పుడు విలేకర్లు కునుకు తీస్తారు గానీ మా మాటెవరు ఇంటారు? పెద్ద పెద్ద గేము కంపెనీలే అక్కడ సభలు మానేసి, ఎవలాఫీసులోంచి ఆళ్లు ఆన్‌లైన్లో సెప్పుకుంతన్నారు. మేం కూడా ఆదివారం సాయంత్రం మేడ మీద్నుంచే ఆన్‌లైన్ ప్రసారం సేత్తాం. సూసేవోలు ఎక్కడోలక్కడ కూకుని సూస్తారు."

"మరి వేదిక?"

"నేదు."

"శాలువాలో?"

"నేదు నాన్నా."

"మరి నేనెక్కడ కూకుంతాను?"

సింధు ఒక్క క్షణం ఆలోచించింది. "కొట్లో" అంది.

గోవిందరావు మొహం మాడ్చుకుని కిందికి దిగాడు. కొట్టు మెట్ల పక్కనే పూలబుట్ట పెట్టుకుని కూర్చునే తవిటమ్మకి అంతకుముందే దండలు పురమాయించి ఉన్నాడు.

"దండలొద్దు తవిటమ్మా. ప్రెస్‌మీట్ నేదు, పాడూ నేదు. ఆదివారం ఇక్కడే ఆన్‌లైన్ పెసారమట!" అని కసిగా అనేసి గల్లా దగ్గర కూలబడ్డాడు.

తవిటమ్మ చెవులకి ఏ లోపమూ లేదు. కాకపోతే ఆమె బతుకంతా గుళ్ల చుట్టూ పూలమ్ముకోవడంలోనే గడిచింది. ఆన్‌లైన్ అంటే లైను. లైన్లో ఇచ్చేది పెసాదం కాక మరేమిటి? పిల్ల కంపెనీకి మంచి జరగాలని పూజ పెట్టుకుంటున్నారు, పూజయ్యాక లైన్లో ప్రసాదం పెడతారు, అంతా సవ్యంగానే ఉంది. ఇంత మంచి పనికి ఈ మనిషి ఎందుకలా చిటపటలాడుతున్నాడన్నది ఒక్కటే ఆమెకి అంతుపట్టలేదు. ఖర్చు గురించి కాబోలనుకుంది.

ఆరోజు నుంచి మూర పువ్వులు కొన్న ప్రతి మనిషికీ ఆ మూరతో పాటు ఆ కబురు కూడా అందింది. గోవిందరావు బావు కొట్టు కాడ ఆదివారం సాయంత్రం లైన్లో పెసాదం. బయల్దేరినప్పుడు ఉత్త ప్రసాదమే. పాలకొండ రోడ్డు చేరేసరికి పులిహోర అయింది. ఆదివారం మధ్యాహ్నానికి దాని పక్కన లడ్డూ కూడా వచ్చి చేరింది.

ఆదివారం గోవిందరావు కొత్త చొక్కా బీరువాలోనే వదిలేసి, బెల్లం మరకల బనీనుతో కొట్లో కూర్చున్నాడు. అలగడానికి ఆ బనీనే సరైనదని ఆయన ఉద్దేశం. మేడ మీద సింధు, కళ్యాణ్ కెమెరా సర్దుకుంటున్నారు. సాయంత్రం అవుతుండగా ఇద్దరు ఆడవాళ్లు స్టీలు గిన్నెలతో వచ్చి మెట్ల ముందు నిలబడ్డారు. వాళ్ల వెనక ఒక కుటుంబం. తల ఎత్తి చూసేసరికి లైను టైలరు కొట్టు దాటిపోయింది. ఆదివారం పూట ఇంత గిరాకీయా అని గోవిందరావు అలక మర్చిపోయి లేచాడు.

"ఎంత కావాలమ్మా?"

"మీరెంత పెడితే అంతే బావూ" అంది ముందున్నావిడ గిన్నె చాపి.

"పెట్టడమేటి? తూకం ఎంత అంతన్నాను."

"పెసాదానికి తూకమేటి బావూ? పూజైపోనాదా?"

"ఏ పూజ?"

లైనుని చీపురుపుల్లంత సూటిగా నిలబెడుతూ అటూ ఇటూ తిరుగుతున్న తవిటమ్మ అప్పుడు ఆయన కంటపడింది. గోవిందరావుకి విషయం అర్థమైంది.

"తవిటమ్మా! నానేటి సెప్పినాను, నువ్వేటి సెప్పినావు? పెసారం అన్నానే!"

"నానూ అదే సెప్పినాను బావూ. పెసాదం."

"పెసాదం కాదే, పెసారం!"

"అదే గదా అంతన్నాను. అరుస్తావేటి, జనం ఇంతన్నారు."

ప్రసాదం కోసం గుమ్మం ముందుకి వచ్చిన మనుషుల్ని ఖాళీ గిన్నెలతో పంపడం ఎలా? అదీ పిల్ల మంచి పని మొదలుపెట్టిన రోజున! గోవిందరావు లైను వైపు చూశాడు. అంతమంది తిట్టుకుంటూ వెనక్కి పోతే ఆ ఆట బాగుపడుతుందా? ఆట బాగుపడకపోతే పిల్ల ఈ ఊళ్లో ఉంటుందా? పంచె ఎగ్గట్టి మేడ మెట్ల మీదికి పరిగెత్తాడు. మాట నెగ్గించుకోవడం కోసం తవిటమ్మా వెనకే ఎక్కింది.

అప్పటికే ప్రసారం మొదలైంది. సింధు కెమెరా ముందు నిలబడి, ఇస్త్రీ చేసిన తెలుగులో ఏదో చెబుతోంది. చూసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లలో కళ్యాణ్ వాళ్ల పిన్ని ఒకామె. కళ్యాణ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని బనీనుతో గోవిందరావు కెమెరాకి అడ్డంగా వచ్చి పడ్డాడు.

"సింధూ! కింద జనం గిన్నెలట్టుకుని నిల్సున్నారే! పెసాదం ఎక్కడ్నించి తేవాలే నేను?"

"నాన్నా, లైవ్! లైవ్‌లో ఉన్నావ్!"

"బతికే ఉన్నాన్లే, ఇంకాసేపుంటే నేదు! ఈ తవిటమ్మ పెసారాన్ని పెసాదం సేసీసినాది!"

"నానేటి సేసినాను?" అంటూ తవిటమ్మ కూడా కెమెరాలోకి వచ్చేసింది. "లైన్లో పెసాదమని నువ్వన్నావా, అన్నేదా? ఈ పిల్ల మీద ఒట్టేసి సెప్పు బావూ!"

ఒట్టు వేయడానికి గోవిందరావు పిల్ల వైపు తిరిగాడు. పిల్ల వెనకాల పెద్ద తెర ఉంది. ఆ తెర మీద ఒక కొట్టు ఉంది. అవే మెట్లు, అవే బెల్లం దిమ్మలు, అదే తక్కెడ. గల్లా దగ్గర బొద్దు మీసాలతో, బెల్లం మరకల బనీనుతో ఒక బొమ్మ మనిషి కూర్చుని ఉన్నాడు. బొమ్మ గిరాకీ ఒకడు మెట్లెక్కి ధర అడిగాడు. బొమ్మ మనిషి దిమ్మలోంచి ముక్క గిల్లి వాడి చేతిలో పెట్టాడు.

"ముందు నోట్లో ఎయ్యి. బేరం తర్వాత" అన్నాడు.

అది గోవిందరావు గొంతే. కళ్యాణ్ రోజూ మెట్ల మీద ఫోను పట్టుకుని ఎందుకు కూర్చునేవాడో ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఒలమ్మో!" అంది తవిటమ్మ బుగ్గలు నొక్కుకుని. "బావూ, ఇది నువ్వే గదా! పొట్ట కూడా అంతే ఉన్నాది!"

గోవిందరావు తెర దగ్గరికి జరిగాడు. ఏ వేదిక మీదికీ ఎవరూ పిలవని మనిషిని ఈ పిల్ల ఏకంగా గల్లా పెట్టె ముందు కూర్చోబెట్టి లోకానికి చూపిస్తోంది. ఆయనకి ఏడుపొచ్చింది, సిగ్గేసింది, పొట్ట విషయంలో కొంచెం కోపం కూడా వచ్చింది. కూతురు చేసిన ఆట ఏమిటని ఒక్కనాడు కూడా అడగనందుకు తన మీద తనకి రోత పుట్టింది. ఇంతలో కిందినుంచి "పెసాదం!" అని కేకలు వినబడ్డాయి. ఆయన తెరవైపు ఇంకోసారి చూశాడు. తర్వాత గబగబా మెట్లు దిగి, కొట్లోకెళ్లి, నిండు బెల్లం దిమ్మ ఒకటి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"ఇదే పెసాదం!" అంటూ లైను మొదట్నించీ మొదలుపెట్టాడు. "గిన్నెలు కిందెట్టండి, సేతులు సాపండి. ముందు నోట్లో ఎయ్యి. నువ్వూ ఎయ్యి బాబూ."

"పులిహోరన్నారు గదా..." అని ఒకాయన మొదలుపెట్టాడు గానీ, ముక్క నోట్లో పడ్డాక ఆ వాక్యం పూర్తి కాలేదు. లడ్డూ సంగతి అడగబోయినావిడ గతీ అంతే అయింది. లైను పొడుగునా దవడలు కదులుతున్నాయి, ఫిర్యాదు మాత్రం ఒక్కటి లేదు.

కళ్యాణ్ ఫోను పట్టుకుని ప్రసారాన్ని వీధిలోకి తెచ్చేశాడు. వెనకే సింధు నవ్వు ఆపుకోలేక, ఇస్త్రీ తెలుగు వదిలేసి చెప్పుకుపోతోంది. "ఇదే మా ఆట. పేరు బేరం. లైన్లో గిరాకీలొస్తారు. ఒక్కలు అలిగి ఎల్లిపోయినా మీరు ఓడిపోయినట్టే. ఎలా గెలవాలో మా నాన్న సూపిత్తన్నారు, సూడండి." బెల్లం తిన్నవాళ్లు తమ మొహాలు చూసుకోడానికి ఫోన్లు తెరిచారు, చుట్టాలకి కూడా పంపారు. ప్రసారం కింద కామెంట్లు చీమల బారుల్లా కదిలాయి. ఇందులో ఏది ఆట, ఏది నిజం అని కొందరు అడిగారు. మా ఊరికి లైను ఎప్పుడని బరంపురం నుంచి ఎవరో అడిగారు.

లైను చివరికొచ్చాక కళ్యాణ్ ఫోను దగ్గరగా పట్టుకున్నాడు. "మావా, రెండు ముక్కలు మాట్లాడండి. అందరూ సూస్తన్నారు."

గోవిందరావు అలవాటుగా చొక్కా సర్దుకోబోయాడు. చొక్కా లేదు. గొంతు సవరించుకున్నాడు. అద్దం ముందు వల్లె వేసిన ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఇది మా అమ్మాయి సింధు సేసింది" అన్నాడు. "ఇన్నాళ్లూ ఎవరడిగినా కంప్యూటర్ల పని అని సెప్పీవోణ్ని. కాదు. ఆట. మా అమ్మాయి ఆటలు సేత్తాది." ఇంకేమీ తోచక ఫోనుకి దణ్ణం పెట్టేశాడు.

సోమవారం పొద్దున్నే ఆయన కొత్త చొక్కా వేసుకుని కొట్టుకొచ్చాడు. ముందుగా మేడ వైపు చూశాడు. తాళం లేదు. అయినా గుండె కుదుటపడలేదు. సామాను సర్దుకోడానికైనా తలుపు తీయాలి కదా. వెళ్తున్నావా అని అడగాలి. అడిగితే ముందు నోరు తెరిచినట్టవుతుంది. ఈరోజు ఓడిపోయినా సరే అడిగేద్దామనుకున్నాడు.

సింధు కిందికి దిగింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. గల్లా వెనక్కి వచ్చి నిలబడింది.

"అమ్మా, నువ్వు..." అని ఆయన మొదలుపెట్టేలోగా దిమ్మలోంచి ముక్క గిల్లి ఆయన అరచేతిలో పెట్టింది.

"ముందు నోట్లో ఎయ్యి నాన్నా. బేరం తర్వాత."

ఊరందరినీ పడేసిన ఉచ్చు అది. తెలిసి కూడా గోవిందరావు నోట్లో వేసుకున్నాడు.

"బెంగుళూరు ఎల్లటం నేదు" అంది సింధు. "ఆట జోరుగా ఆడతన్నారు. ఇంకో ఇద్దర్ని పన్లోకి ఎట్టుకోవాలి, మేడగది సాలదు. నీ గోనెసంచుల గది నాకిచ్చీ."

ఆ గది ఆయన ప్రాణం. సొంత బావమరిది అడిగినా ఇవ్వలేదు. అభ్యంతరం చెప్పడానికి గోవిందరావు నోరు తెరవబోయాడు. దవడలు కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తెలియక రెండు విధాలా ఊపి, మొలతాడుకున్న తాళంచెవి విప్పి తక్కెడలో పెట్టాడు.